ధ్వనిని కోసి అతికిన కథ

ఆ మధ్య మా కళాశాలలో జరిగిన ఒక శిక్షణ తరగతికి వచ్చిన ఉన్నత పాఠశాల సైన్సు మాస్టారు ఒకరు నన్నొక ప్రశ్న అడిగినారు. పదవ తరగతి పాఠాలను తన గొంతుతో రికార్డు చేసి, తడబడినచోట్ల కోసివేసి, పిల్లలకు అందజేయాలని ఆయన సంకల్పం. పాఠశాలలో పాత కంప్యూటరు ఒకటి వున్నది. మైకు ఒకటి సొంత డబ్బుతో కొన్నారు. ప్రోగ్రాము కొనడానికి మాత్రం డబ్బు లేదు. ఏది వాడమంటారు అని అడిగితే, "ఆడాసిటీ" అని ఒక్క మాటలో చెప్పినాను. ఆయన అంతటితో వదలలేదు.

"ఊరికే యిస్తున్నారంటేనే అనుమానంగా వున్నదండీ. రెండేండ్లు కష్టపడి రికార్డు చేసిన తరువాత, డబ్బు కట్టితేగాని తెరవనీయమంటే నా గతి ఏమిటి?" అన్నారు.

ఆ అనుమానం ఎంత న్యాయమైనదో నాకు అనుభవం మీద తెలుసు. నేను విద్యార్థిగా వున్న రోజుల్లో మా ఊరి తెలుగు పండితులొకరి చేత పద్యాలు చదివించి రికార్డు చేసినాను. నెల రోజులపాటు ఊరికే వాడుకోనిచ్చే ఒక ప్రోగ్రాము దొరికితే అందులో ఆ పని చేసి, దాని సొంత పద్ధతిలోనే భద్రపరచినాను. గడువు తీరిపోయింది. కొన్నాళ్ళకు ఆ ప్రోగ్రామును తయారుచేసినవారే దానిని మానివేసినారు. పండితులు గతించినారు. ఆ ఫైళ్ళు ఇప్పటికీ నా దగ్గర వున్నవి. ఒక్కొక్కటి ఎన్ని మెగాబైట్లో చెప్పగలను గాని, అందులోని గొంతు వినిపించలేను.

కాబట్టి మాస్టారి ప్రశ్నకు జవాబు ఒక్క పేరుతో తీరేది కాదు. మనిషి ధ్వనిని ఎట్లా పట్టినాడో, పట్టినదానిని ఎట్లా కోయడం నేర్చినాడో కొంచెం తెలుసుకుంటేగాని, ఈనాడు మన ముందున్న పనిముట్లలో ఏది నమ్మదగినదో తేలదు.

ధ్వనిని మొట్టమొదట పట్టినవాడు ఎడిసన్ కాదు. పారిస్ నగరంలో అచ్చుపనివాడైన ఎడ్వార్డ్ లియోన్ స్కాట్ అనే ఆయన 1857లోనే ఒక యంత్రానికి పేటెంటు పొందినాడు. ఒక గరాటు చివర పలుచని పొర, ఆ పొరకు ఒక ముల్లు, ముల్లుకు ఎదురుగా మసి పట్టించిన కాగితం చుట్టిన స్తూపం. గరాటులో మాట్లాడితే పొర కంపించి, ముల్లు మసిమీద వంకర గీత గీస్తుంది. దానిని తిరిగి వినిపించాలనే ఊహ స్కాట్‌కు లేదు. గీతను కంటితో చదవవచ్చుననుకున్నాడు. ఆ కాగితాల సంగతి చివర మళ్ళీ చెపుతాను. తిరిగి వినిపించే యంత్రాన్ని 1877లో ఎడిసన్ నిర్మించినాడు. 1887లో బెర్లినర్ పళ్ళెం వంటి రికార్డుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ కథ పాఠ్యపుస్తకాలలో వున్నదే.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పని సంగతి ఒకటి వున్నది. ఈ రికార్డులలో తప్పు దిద్దడానికి వీలు లేదు. మైనంమీద ముల్లు గాడి చెక్కుకుంటూ పోతుంది. పాడేవారు మూడవ నిమిషంలో దగ్గితే మొదటి నిమిషం నుంచి మళ్ళీ పాడవలసిందే. పాటను కోయడమనేది ఊహకు కూడా అందేది కాదు.

కోయడానికి వీలైన పదార్థం అయస్కాంతం రూపంలో వచ్చింది. డెన్మార్కు ఇంజనీరు వాల్డెమార్ పౌల్సెన్ 1898లో ఉక్కు తీగమీద ధ్వనిని అయస్కాంత చిహ్నాలుగా నిలిపినాడు. తీగ తెగితే ముడి వేసేవారు. ముడి దాటేటప్పుడు ధ్వని ఒక్కసారి తడబడేది. తరువాత 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లూమర్ కాగితపు పట్టీమీద ఇనుప పొడిని అంటించినాడు. ఆయన అంతకుముందు సిగరెట్టు కాగితాలకు లోహపు పట్టీ అంటించే పనిలో వుండేవాడు. ఆ పనిలో నేర్చిన ఉపాయమే ఇక్కడ అక్కరకు వచ్చింది. ఆయన హక్కులు తీసుకున్న ఏ.ఇ.జి. సంస్థ 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని చూపింది. మొదట్లో దానిలో బుసబుసమనే రొద ఎక్కువ. 1940లో వాల్టర్ వెబర్, ధ్వనితోపాటు చెవికి వినిపించనంత ఎక్కువ పౌనఃపున్యంగల విద్యుత్తును కూడా టేపుకు అందించి, ఆ రొదను చాలావరకు అణచినాడు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో పనిచేస్తున్న అమెరికన్ సైన్యపు ఇంజనీరు జాక్ మల్లిన్‌కు ఒక సందేహం వుండేది. అర్ధరాత్రి దాటినా జర్మన్ రేడియోలో పెద్ద వాద్యబృందాలు వినిపించేవి. గ్రామఫోను రికార్డులైతే ముల్లు రాపిడి వినిపించాలి. అది లేదు. అంత రాత్రివేళ అంతమంది కూర్చుని వాయిస్తారా? యుద్ధం ముగిసినాక జర్మనీలో మాగ్నెటోఫోన్‌ను చూచిన తరువాతగాని ఆయనకు గుట్టు తెలియలేదు. రెండు యంత్రాలను విడిభాగాలుగా ఊడదీసి, యాభై టేపు చుట్టలతోసహా ఇంటికి పంపుకున్నాడు. 1946లో సాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంజనీర్ల సభలో వాటిని వినిపించినాడు. అది బింగ్ క్రాస్బీ అనే గాయకుని చెవిన పడ్డది. వారంవారం రేడియోలో ప్రత్యక్షంగా పాడే శ్రమ తప్పించుకోవాలని చూస్తున్న క్రాస్బీకి ఇది దేవుడిచ్చిన వరం. 1947 నుంచి ఆయన కార్యక్రమాన్ని మల్లిన్ టేపుమీద పట్టి, కోసి, అతికి ప్రసారానికి తయారుచేసేవాడు. ఒక వారం హాస్యం పండకపోతే, వేరొక నాటి టేపునుంచి ప్రేక్షకుల నవ్వులు కోసి తెచ్చి అందులో అతికినాడట!

విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క చేయవచ్చు. వృత్తి యంత్రాలలో టేపు సెకండుకు 38 సెంటీమీటర్ల వేగంతో నడిచేది. అర సెకండు పట్టే మాట 19 సెంటీమీటర్లు. సెకండులో పదవ వంతు పట్టే చిన్న శ్వాస సుమారు నాలుగు సెంటీమీటర్లు. అనగా ధ్వనిని స్కేలుపెట్టి కొలవవచ్చునన్నమాట. టేపును చేతితో అటూ ఇటూ మెల్లగా లాగుతూ, మాట ఎక్కడ మొదలయిందో చెవితో పట్టి, అక్కడ పెన్సిలుతో గుర్తుపెట్టి, గడ్డం గీసుకునే బ్లేడుతో కోసి, రెండు కొనలను కలిపి వెనుకవైపు జిగురు పట్టీ వేసేవారు. కోత నిటారుగా వుండేది కాదు, ఏటవాలుగా వుండేది. నిటారుగా కోస్తే ఒక ధ్వని ఠక్కున ఆగి మరొకటి ఠక్కున మొదలై 'టక్' మని వినిపిస్తుంది. ఏటవాలుగా కోస్తే మొదటిది సన్నగిల్లుతుండగా రెండవది బలపడుతుంది. మన ఆకాశవాణి కేంద్రాలలో కూడా టేపు, బ్లేడు చాలాకాలం ఏలినవి. ఈ పద్ధతిలో పెద్ద కష్టం ఒక్కటే: కోత తప్పితే తప్పినట్లే. నేలమీద పడిన ముక్కలలో నాలుగు సెంటీమీటర్ల శ్వాసను వెదుక్కోవడం ఎంత సుఖమో ఊహించుకోండి.

ఇక సంఖ్యల యుగం. ధ్వని తరంగపు ఎత్తును క్షణక్షణం కొలిచి అంకెలుగా పంపవచ్చునని ఎలెక్ రీవ్స్ 1930ల చివర చూపినాడు. ఎంత తరచుగా కొలవాలి? తరంగంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపుకన్న ఎక్కువగా కొలిస్తే దానిని పూర్తిగా తిరిగి నిర్మించవచ్చునని సిద్ధాంతం. దీనికి నైక్విస్ట్, షానన్ పేర్లు చెపుతారు. మన చెవి సుమారు 20,000 కంపనాలదాకా వింటుంది గనుక సెకండుకు 40,000 పైచిలుకు కొలతలు కావాలి. అయితే 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కుకు సరిగ్గా 44,100 అనే వింత సంఖ్య ఎట్లా కుదిరింది? ఆ రోజుల్లో అన్ని అంకెలను పట్టగల చవక యంత్రం వీడియో టేపు రికార్డరు ఒక్కటే. అంకెలను బొమ్మలోని గీతలుగా మార్చి దానిమీద నిలిపేవారు. అమెరికా, జపానుల పద్ధతిలో సెకండుకు 60 సార్లు, ఒక్కొక్కసారి పనికివచ్చే గీతలు 245, గీతకు 3 కొలతలు. హెచ్చించి చూడండి. ఐరోపా పద్ధతిలో 50 సార్లు, 294 గీతలు, గీతకు 3 కొలతలు. ఇదీ అంతే వస్తుంది. రెండు ఖండాల టెలివిజనుకూ సరిపడిన సంఖ్య గనుక అది నిలిచింది. వీడియో టేపు పోయింది గాని, ఈనాటికీ మన కంప్యూటర్లలో 44,100 కనిపిస్తూనే వున్నది.

అంకెలను కంప్యూటరులో పెట్టి కోసే విద్యను 1970లలో అమెరికాలో థామస్ స్టాక్‌హాం, ఆయన స్థాపించిన సౌండ్‌స్ట్రీం సంస్థ ఆచరణలోకి తెచ్చినారు. ఏటవాలు కోతను కూడా అంకెల హెచ్చవేతగా మార్చినారు. కాని అప్పటి యంత్రాలు గదిని ఆక్రమించేవి, వాటి వెల సామాన్య సంస్థలకు కూడా అందేది కాదు. 1990లలో ఇంటి కంప్యూటర్లలో ధ్వని కార్డులు వచ్చినాకగాని ఆ విద్య మనవంటివారి బల్లమీదికి రాలేదు.

1999లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరంలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ అనే పరిశోధక విద్యార్థి, ఆయన ఆచార్యుడు రోజర్ డానెన్‌బర్గ్ తమ పరిశోధన అవసరంకోసం ఒక ప్రోగ్రాము రాయడం ప్రారంభించినారు. 2000 మే నెలలో దానిని అందరికీ విడుదల చేసినారు. అదే ఆడాసిటీ. దాని ముఖం చూచినవారికి గీతల వరుస, కత్తెర బొమ్మ తప్ప విశేషమేమీ కనిపించదు. విశేషం లోపల వున్నది.

గంటసేపు రెండు మార్గాల ధ్వనిని, కొలతకు 16 బిట్ల చొప్పున నిలువచేస్తే 63 కోట్ల 50 లక్షల బైట్లు పైన అవుతుంది. దానిని ఒకే పొడుగాటి ఫైలుగా దాచినామనుకోండి. మొదటి నిమిషంలో ఒక దగ్గును తీసివేస్తే, వెనుక వున్న యావత్తును ముందుకు జరిపి మళ్ళీ రాయాలి. అప్పటి కంప్యూటర్లలో ఒక్కొక్క దగ్గుకు ఒక టీ తాగి రావచ్చును. మజోనీ, డానెన్‌బర్గులు ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా, ఒక్కొక్కటి మహా అయితే ఒక మెగాబైటుకు మించకుండా విడగొట్టి, వాటి వరుసను మాత్రం ఒక జాబితాలో వుంచినారు. కుట్టిన పుస్తకానికీ, తాళపత్ర గ్రంథానికీ వున్న భేదం వంటిదిది. తాళపత్రాలలో ఒక ఆకు తీసివేయాలంటే దారం విప్పి ఆ ఆకు తీస్తే చాలు. తక్కిన గ్రంథాన్ని తిరగరాయనక్కరలేదు. కోత పడిన ముక్కను మాత్రమే తిరగరాస్తారు. ముక్కలు మరీ చిన్నవైపోతే జాబితా పెరిగిపోతుంది గనుక, సగంకన్న చిన్నదైన ముక్కను పక్కదానితో కలపడం కూడా ఆ పద్ధతిలో భాగమే. తీసిన ఆకును వెంటనే పారవేయరు. అందుచేతనే, బ్లేడు యుగంలో కలలోకూడా లేని 'రద్దు' అనే ఆజ్ఞ ఇక్కడ ఎన్నిసార్లయినా పనిచేస్తుంది.

మరొక ఉపాయం బొమ్మకు సంబంధించినది. గంటసేపటి తరంగాన్ని తెరమీద గీయాలంటే ఒక్కొక్క మార్గంలో 15 కోట్ల 87 లక్షల కొలతలు చదవాలి. తెర వెడల్పు వెయ్యి రెండువేల చుక్కలు. అందుకని ప్రతి 256 కొలతలకు ఒకసారి, ప్రతి 65,536 కొలతలకు ఒకసారి, వాటిలో గరిష్ఠమెంత, కనిష్ఠమెంత అని ముందే రాసి పెట్టుకుంటుంది. జిల్లా పటం చూచేటప్పుడు వీధులు గీయనక్కరలేదు గదా! ఈ రెండు ఉపాయాలవల్లనే మా మాస్టారి పాత కంప్యూటరుకూడా గంటల రికార్డును అవలీలగా మోయగలుగుతుంది.

లోపం చెప్పకపోవడం న్యాయం కాదు. చాలా ఏండ్లు ఈ ముక్కలు ఒక సంచిలో, జాబితా మరొక ఫైలులో వుండేవి. ఎవరైనా జాబితాను మాత్రం నకలు తీసుకుని సంచిని మరచిపోతే, తెరిచినప్పుడు దారమే మిగిలేది, ఆకులు వుండేవి కావు. 2021లో వచ్చిన మూడవ రూపంలో రెండింటినీ ఒకే ఫైలులో చేర్చినారు.

ఇప్పుడు మాస్టారి అనుమానం సంగతి. 'ఊరికే ఇవ్వడం' అనేదానిలో రెండు సంగతులు వున్నవి. ఇంగ్లీషువారు రెండింటికీ ఒకే మాట వాడి తికమక పడతారు. మనకు అదృష్టవశాత్తూ ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ధర లేకపోవడం ఉచితం. ప్రోగ్రాము రాసిన అసలు వాక్యాలను చూచి, మార్చి, నకళ్ళు తీసి ఇతరులకు పంచే హక్కు వుండడం స్వేచ్ఛ. 1983లో రిచర్డ్ స్టాల్మన్ ఈ హక్కును ఒక ఉద్యమంగా ప్రకటించినాడు. 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సును తయారుచేసినాడు. దాని కిటుకేమిటంటే, నీవు పొందిన హక్కును నీ తరువాతివానికి కూడా ఇవ్వవలసిందే. ఆడాసిటీ ఈ లైసెన్సు క్రింద విడుదలయింది.

ఈ భేదం మాటల గారడీ కాదని రెండు సంఘటనలవల్ల తెలుస్తుంది. 1990లలో కూల్ ఎడిట్ అనే ప్రోగ్రాము ఎంతో పేరు పొందింది. మంచి పనిముట్టు. డబ్బు కట్టనివారికి ఒక్కొక్కసారికి కొన్ని పనులు మాత్రమే ఎంచుకోనిచ్చేది. 2003లో దానిని అడోబీ సంస్థ కొని, ఆడిషన్ అనే కొత్త పేరుతో అమ్మకానికి పెట్టింది. పాతదానిని కోరుకున్నవారు తమ కంప్యూటరులో అది నడిచినన్నాళ్ళు నడిపించుకోవడం తప్ప చేయగలిగింది లేదు. 2021లో ఆడాసిటీకి కూడా యజమాని మారినాడు. మ్యూస్ గ్రూప్ అనే సంస్థ దానిని తన చేతిలోకి తీసుకున్నది. వాడుకరుల వాడకపు వివరాలు సేకరించే ఏర్పాటు పెడతామన్నది. గగ్గోలు బయలుదేరగా ఆ ప్రతిపాదనను మానుకున్నది. వ్యక్తిగత వివరాల నిబంధనలమీద మరొకసారి గొడవ జరిగి, వాటినీ సవరించవలసి వచ్చింది. ఈలోగా కొందరు, అసలు వాక్యాలు తమ దగ్గరే వున్నవి గనుక, టెనాసిటీ అనే పేరుతో వేరుకుంపటి పెట్టినారు. కూల్ ఎడిట్ వాడుకరులకు లేనిదీ, ఆడాసిటీ వాడుకరులకు వున్నదీ ఈ వేరుపడే హక్కు. యజమాని మంచివాడా చెడ్డవాడా అనే విచారణ దీనితో తగ్గిపోతుంది. రేపు ఎవరైనా డబ్బు అడిగితే నిన్నటి ప్రోగ్రామును నిలబెట్టుకునే దారి వున్నది. మాస్టారికి నేను ఇవ్వవలసిన జవాబు ఇదీ.

ఓషన్‌ఆడియో అని బ్రెజిలునుంచి వచ్చిన ప్రోగ్రాము ఒకటి వున్నది. నేర్చుకోవడం సులువు, ధర లేదు. కాని దాని అసలు వాక్యాలు మూసి వున్నవి. అది ఉచితమే గాని స్వేచ్ఛ లేనిది. ఒక చిన్న ప్రకటన కోసుకోవడానికి నిరభ్యంతరంగా వాడవచ్చును. ఆర్డర్ అనేది ఆడాసిటీ పుట్టిన కాలంలోనే పాల్ డేవిస్ ప్రారంభించిన స్వేచ్ఛా ప్రోగ్రాము. పది వాద్యాలను వేరువేరుగా పట్టి కలిపేవారికి అది తగినది. పాఠం చెప్పుకునేవారికి ఈగను కొట్టడానికి రోకలి ఎత్తినట్లే.

పాత చేతిపుస్తకాలలో "ఎం.పి.3 చేయడానికి లేమ్ అనే దానిని వేరుగా తెచ్చుకోండి" అని కనిపిస్తే తికమక పడవద్దు. ఎం.పి.3 పద్ధతిమీద పేటెంట్లు వుండేవి గనుక దానిని ఆడాసిటీలో చేర్చలేదు. 2017లో ఆ పేటెంట్ల లైసెన్సు వ్యవహారం ముగిసింది. 2019నుంచి అది లోపలే వున్నది.

వాడుకలో నాకు తెలిసిన మూడు నాలుగు మెళకువలు చెపుతాను. మైకులో గొంతు మరీ బిగ్గరగా పడి తరంగపు శిరస్సు తెగితే, ఏ ప్రోగ్రామూ దానిని సరిగా బాగుచేయలేదు. గీత సగం ఎత్తుకు మించకుండా చూచుకోవడం మేలు. పాఠం ప్రారంభించకముందు అయిదు సెకండ్లు ఊరక వుండండి. ఆ నిశ్శబ్దంలో వినిపించే ఫాను రొదనే నమూనాగా తీసుకుని తక్కిన పాఠంలోని రొదను తగ్గించే సాధనం ఇందులో వున్నది. కోసినచోట 'టక్' మంటే, తరంగం శూన్యరేఖను దాటేచోట కోయలేదన్నమాట. జడ్ అనే అక్షరపు మీట నొక్కితే కోత గుర్తులు దగ్గరలోని శూన్యస్థానానికి జరుగుతవి. పూర్వం బ్లేడును ఏటవాలుగా పట్టినవారు తప్పించుకున్నది ఈ టక్కునే. పని ముగిసిన తరువాత, ప్రోగ్రాము సొంత ఫైలు ఒక్కటే దాచుకుని ఊరుకోక, వావ్ గానీ ఫ్లాక్ గానీ ఒక ప్రతి తీసి పెట్టండి. ఎం.పి.3 పిల్లలకు పంచడానికి మాత్రమే. వావ్ పద్ధతి 1991 నాటిది, దాని నిర్మాణం బహిరంగం. ఫైలు మొదట్లోనే సెకండుకు ఎన్ని కొలతలో రాసి వుంటుంది.

ఆ సంఖ్య ఎంత ముఖ్యమో స్కాట్ కాగితాలు చెపుతవి. 1860లో ఆయన ఒక ఫ్రెంచి గీతాన్ని మసి కాగితంమీద పట్టినాడు. 2008లో అమెరికాలో పరిశోధకులు ఆ గీతను చిత్రంగా పట్టి, కంప్యూటరు సహాయంతో ధ్వనిగా మార్చి వినిపించినారు. పాడినది ఎవరో యువతి అనుకున్నారు. స్కాట్ తెలివైనవాడు, పాట గీత పక్కనే శ్రుతిదండం కంపనాలను కూడా కాలానికి కొలతగా గీయించినాడు. అయితే ఆ దండపు పౌనఃపున్యాన్ని పరిశోధకులు రెట్టింపుగా లెక్కవేసినారు. 2009లో సరిదిద్ది, సగం వేగంతో వినిపించేసరికి అది మగ గొంతు అయింది. బహుశా స్కాట్ గొంతే కావచ్చును.

ఈ పొరపాటును తరగతిలో చేసి చూపవచ్చు. ఒక విద్యార్థి చేత నాలుగు మాటలు చెప్పించి 44,100 కొలతలతో ఆడాసిటీలో రికార్డు చేయండి. ఆ వరుస ఎడమవైపునున్న పట్టికలో 'రేటు' అనే చోట 88,200 అని మార్చి వినిపించండి. తరువాత 22,050కి మార్చండి. అంకెలలో ఒక్కటికూడా మారలేదని పిల్లలకు ముందే చెప్పి, గొంతు ఎందుకు మారిందో వారినే చెప్పమనండి.